సగం పనిచేసే మెమరీ

కొత్త ర్యామ్ పెట్టి స్విచ్ వేశాక కంప్యూటర్ అసలు లేవలేదంటే ఒక విధంగా మంచిదే. ఎక్కడో తేడా ఉందని అది అప్పుడే చెప్పేసింది. మన ఫైళ్లలో ఒక్కటీ చెడలేదు. అలాకాక స్క్రీన్ వచ్చి, విండోస్ లేచి, మెమరీ 16 జీబీ అని చక్కగా చూపించి, కొన్నాళ్లు పనిచేశాక ఒక ఫొటో సగం నుంచి కింద ఆకుపచ్చగా మారిపోయి కనబడిందనుకోండి. అప్పుడు మొదలవుతుంది అసలు కష్టం. చెడింది ఆ ఒక్క ఫొటోయేనా, ఈ నడుమ ఇంకేవైనా చెడ్డాయా అన్నది కంప్యూటర్ చెప్పదు. చెడ్డవాటిని కూడా మంచివాటిలాగే భద్రంగా దాచిపెడుతుంది.

ఈ రెండో రకాన్ని అర్థం చేసుకోవడమే ఈ అధ్యాయం పని. అయితే మొదటి రకాన్ని దాటకుండా అక్కడికి చేరలేం.

మామిడికుదురులో ఒక ఫొటో స్టూడియో ఉందనుకుందాం. స్టూడియో మన ఊహే గానీ, దానికి వచ్చే చిక్కులన్నీ నిజంగా జరిగేవే. కోనసీమలో పెళ్లిళ్ల సీజన్ అంటే స్టూడియో వాళ్లకి నిద్ర ఉండదు. ఒక్కో పెళ్లికి వేలల్లో ఫొటోలు. కువైట్‌లోనో దోహాలోనో ఉండిపోయి పెళ్లికి రాలేకపోయిన పెదనాన్నకి, పిన్నికి వీడియో ముందుగా పంపాలి. 8 జీబీ మెమరీతో ఆల్బమ్ పేజీలు తెరుస్తుంటే మిషను ఈడుస్తోంది. యజమాని వైనతేయ నది దాటి అమలాపురం వెళ్లి ఇంకో 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ కొనుక్కొచ్చాడు. పాతదాని మీద 2400 అని, కొత్తదాని మీద 3200 అని రాసి ఉంది. కంపెనీలు వేరు. మదర్‌బోర్డు మీద నాలుగు స్లాట్లు ఉన్నాయి. పాతదాని పక్క స్లాట్లోనే కొత్తది పెట్టి స్విచ్ వేశాడు. ఫ్యాన్లు తిరిగాయి. స్క్రీన్ మాత్రం నల్లగా ఉండిపోయింది.

ఇలాంటప్పుడు పక్కన ఎవరో ఒకరు, "ర్యామ్ పోయిందండీ, మార్చేయడమే" అంటారు. ఆ మాట నిజం కావచ్చు. కానీ కొత్త ర్యామ్ పెట్టిన రోజునే కంప్యూటర్ లేవకపోవడానికి ఉన్న కారణాల్లో చిప్ చచ్చిపోవడం చాలా వెనక ఉంటుంది. ముందున్నవి రెండు: ర్యామ్ స్లాట్లో సరిగ్గా కూర్చోకపోవడం, బోర్డుకీ ర్యామ్‌కీ పొత్తు కుదరకపోవడం. ఎందుకో తెలియాలంటే ఆ పచ్చ పలక లోపల ఏం జరుగుతోందో చూడాలి.

ఒక బిట్‌ని, అంటే ఒక సున్నానో ఒకటినో, దాచడానికి అందులో ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ ఉంటాయి. అంతే, ఇంకేం లేదు. 1966లో ఐబీఎంలో పనిచేస్తున్న రాబర్ట్ డెనార్డ్‌కి తట్టిన ఆలోచన ఇది. 1968లో దానికి పేటెంట్ వచ్చింది. 1970లో ఇంటెల్ అమ్మకానికి పెట్టిన 1103 అనే మెమరీ చిప్‌లో 1,024 బిట్లు పట్టేవి. మన స్టూడియో యజమాని చొక్కా జేబులో పెట్టుకొచ్చిన 8 జీబీ పలకలో 6,871 కోట్లకు పైగా బిట్లు ఉన్నాయి. అన్నింటికీ అన్ని కెపాసిటర్లు.

కెపాసిటర్‌లో విద్యుదావేశం ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఆ ఆవేశం ఎంత తక్కువో ఒకసారి లెక్కవేసి చూడటం మంచిది. ఈ కెపాసిటర్ల సామర్థ్యాన్ని ఫెంటోఫారాడ్లలో కొలుస్తారు. పది ఫెంటోఫారాడ్లు అంటే ఒక ఫారాడ్‌ని కోటి కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. దానికి ఒక వోల్టు ఇస్తే అందులో చేరే ఎలక్ట్రాన్లు దాదాపు 62 వేలు. పెళ్లికూతురి ముఖంలోని ఒక చుక్క రంగులో ఒక బిట్ ఈ 62 వేల ఎలక్ట్రాన్ల మీద ఆధారపడి ఉంది. అవి కూడా అక్కడ నిలవవు, కారిపోతూ ఉంటాయి. అందుకే ప్రతి బిట్‌నీ 64 మిల్లీసెకన్లలో ఒకసారి చదివి మళ్లీ నింపాలి. అంటే సెకనుకి పదిహేనుసార్లకు పైగా. సాధారణంగా ఈ పనిని 8,192 విడతలుగా పంచుకుంటారు కాబట్టి దాదాపు ప్రతి 7.8 మైక్రోసెకన్లకీ ఒక విడత జరుగుతూనే ఉంటుంది. మనం చాయ్ తాగడానికి బయటికి వెళ్లినా ఇది ఆగదు. కరెంటు పోతే మాత్రం అంతా ఖాళీ. చిప్ వేడెక్కేకొద్దీ ఆవేశం ఇంకా త్వరగా కారుతుంది కాబట్టి 85 డిగ్రీలు దాటితే 64 మిల్లీసెకన్లకు బదులు 32లోనే నింపాలని ప్రమాణం చెబుతోంది.

ఇంత సున్నితమైన వస్తువు ఇంత నమ్మకంగా పనిచేయడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. అది పనిచేసేది లెక్కలు కచ్చితంగా కుదిరినప్పుడే. ఆ లెక్కలన్నీ ర్యామ్ పలక మీదే ఉన్న ఒక చిన్న చిప్‌లో రాసి ఉంటాయి: ఈ పలక సైజెంత, ఏ వేగానికి పనికొస్తుంది, అడిగాక ఎన్ని గడియార స్పందనలకు జవాబిస్తుంది, ఎన్ని వోల్టులు కావాలి. డీడీఆర్4లో ఇది 512 బైట్ల రాత. స్విచ్ వేయగానే, స్క్రీన్ రాకముందే, బయోస్, అంటే బోర్డులోనే ఉండే మొదటి ప్రోగ్రామ్, అన్ని పలకల జాతకాలూ చదివి కలుపుతుంది. వేగాలు వేరైతే అందులో నెమ్మదైనదానికి అందరినీ దింపుతుంది. 2400, 3200 పక్కపక్కన ఉంటే రెండూ 2400 వేగంతో నడవాలి. కలవకపోతే ఆగిపోతుంది. నల్ల స్క్రీన్ అంటే చాలాసార్లు ఇదే దశ.

కొత్త కంప్యూటర్లలో ఈ దశ ఎక్కువసేపు పట్టవచ్చని చాలామందికి తెలియదు. డీడీఆర్5 బోర్డుల్లో కొత్త మెమరీ పెట్టాక మొదటిసారి స్విచ్ వేస్తే, ఒక్కో తీగ మీద సంకేతం ఎప్పుడు వస్తోందో బోర్డు కొలుచుకుంటూ కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉంచవచ్చు. కంగారుపడి మధ్యలో కరెంటు తీసేస్తే ఆ కొలత మళ్లీ మొదటికొస్తుంది. కాసేపు ఊరుకోవడం కూడా మరమ్మత్తులో భాగమే.

మన స్టూడియోది డీడీఆర్4. కాసేపు ఆగినా స్క్రీన్ రాలేదు. బోర్డుకి చిన్న స్పీకర్ తగిలించి ఉంటే మెమరీ కుదరలేదన్న సంగతిని బీప్‌లతో చెప్పేది. ఎన్ని బీప్‌లకు ఏ అర్థమో బయోస్ తయారీదారుని బట్టి మారుతుంది గానీ, ఆగకుండా వినిపించే పొడవాటి బీప్‌లు చాలా పాత బోర్డుల్లో మెమరీ ఫిర్యాదే. ఇప్పటి క్యాబినెట్లలో ఆ స్పీకర్ ఉండటం లేదు. అర్ధరూపాయి బిళ్లంత వస్తువుని మిగుల్చుకుని మరమ్మత్తు చేసేవాడి చెవులు మూసేశారని నా బాధ. కొన్ని బోర్డుల మీద దాని బదులు చిన్న లైటు వెలుగుతుంది. మూత తీసి చూస్తే 'డీర్యామ్' అన్న అక్షరాల పక్కన ఎర్రగానో పసుపుగానో కనిపిస్తుంది.

ఇక చేత్తో చేయాల్సిన పని. ముందు స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్గు పీకేయాలి. స్విచ్ బోర్డు దగ్గర కరెంటు ఉన్నంతసేపు మదర్‌బోర్డు మీద 5 వోల్టులు మేలుకునే ఉంటాయి. అప్పుడు ర్యామ్ లాగితే నిజంగానే ర్యామ్ పోవచ్చు. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకితే ఒంటి మీది స్థిర విద్యుత్తు పోతుంది. కోనసీమ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ భయం తక్కువే. ఏసీ గదిలో మాత్రం ఉంటుంది. మనకి చురుక్కుమని తెలియాలంటే రెండుమూడు వేల వోల్టులుండాలి. చిప్ దెబ్బతినడానికి అంతకన్నా చాలా తక్కువ చాలు.

తీసిన పలక అంచున ఒక్కోవైపు 144 చొప్పున 288 బంగారు గీతలు ఉంటాయి. రెండు గీతల మధ్య ఎడం 0.85 మిల్లీమీటర్లు. డీడీఆర్4 పలకను జాగ్రత్తగా చూస్తే కింది అంచు తిన్నగా ఉండదు, మధ్యలో కొంచెం ఉబ్బి ఉంటుంది. అన్ని గీతలూ ఒక్కసారే స్లాట్ స్ప్రింగుల్ని తోయకుండా, నొక్కడం తేలికవడానికి అలా చేశారు. ఒక చివర కిందికి దిగి రెండో చివర అర మిల్లీమీటరు పైనే ఉండిపోయినా కంటికి తెలియదు. 288లో ఒక్క గీత అంటకపోయినా చాలు. అందుకే రెండు చివరలా టక్కుమని వినిపించేదాకా గట్టిగా నొక్కాలి. భయపడి మెల్లగా పెట్టేవాళ్ల దగ్గరే ఈ తప్పు ఎక్కువ.

సముద్రం దగ్గరగా ఉన్న ఊళ్లలో ఇంకో సంగతి ఉంది. బంగారానికి తుప్పు పట్టదు గానీ, ఆ పూత మైక్రాన్‌కి మించని పలుచన. దాని కింద నికెల్, ఆ కింద రాగి. పూతలో కంటికి కనిపించని రంధ్రాల గుండా ఉప్పు తేమ లోపలికి దిగితే కింది లోహం చెడి, ఆ మురికి పైకి పాకుతుంది. ఎన్నాళ్లో కదలకుండా ఉన్న పాత పలకని ఒకసారి తీసి పెట్టగానే కంప్యూటర్ బాగుపడటం వెనకున్న రహస్యం ఇదే: రాపిడికి ఆ పొర చెదిరింది. మన దగ్గర మెకానిక్‌లు పిల్లల రబ్బరుతో బంగారు గీతల్ని రుద్దుతారు. అది పనిచేస్తుంది, కాదనను. కానీ ప్రతిసారీ కొంత బంగారాన్నీ తీసుకుపోతుంది, రబ్బరు పొట్టు స్లాట్లో పడితే కొత్త తగాదా. నూలుపోగులు రాలని గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవడం మేలు. స్లాట్ లోపల టార్చి వేసి చూడటం కూడా మరవకూడదు. చీమలు, బల్లిగుడ్లు ఉండటానికి సీపీయూ డబ్బా చాలా అనువైన చోటు.

ఇంతవరకు చేసినవి జాగ్రత్తలు. అసలు విచారణ ఇక్కడ మొదలవుతుంది, దానికి ఉన్న సూత్రం ఒక్కటే: ఒకసారికి ఒక్కటే మార్చాలి. పాత పలకని పాత స్లాట్లో ఒక్కదాన్నే పెట్టి స్విచ్ వేస్తే లేచింది. అంటే బోర్డు, ప్రాసెసర్, పవర్ సప్లై, ఆ స్లాట్, ఆ పలక అన్నీ మంచివే. దాన్ని తీసి అదే స్లాట్లో కొత్త పలక ఒక్కటే పెట్టారు. లేచింది. కొత్త పలక చచ్చిపోలేదన్నమాట. ఇక మిగిలింది కొత్తదాన్ని మొదట పెట్టిన పక్క స్లాట్, లేదా రెండు పలకలూ కలిసి ఉండటం. కొత్త పలకని ఆ పక్క స్లాట్లో ఒంటరిగా పెడితే లేవలేదు. బోర్డు పుస్తకం తెరిస్తే జవాబు ఉంది. నాలుగు స్లాట్లున్న చాలా బోర్డుల్లో రెండు పలకలే పెట్టేటప్పుడు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్, నాలుగో స్లాట్ వాడాలి. మన యజమాని రెండోదీ, దాని పక్కనున్న మూడోదీ వాడాడు. కొత్త పలకని నాలుగో స్లాట్‌కి మార్చగానే స్క్రీన్ వచ్చింది, 16 జీబీ కనిపించింది. రెండూ ఒకేసారి తీసి, ఒకేసారి తుడిచి, ఒకేసారి స్లాట్లు మార్చి ఉంటే కూడా స్క్రీన్ వచ్చేదే. ఎందుకు వచ్చిందో మాత్రం తెలిసేది కాదు.

పాత కంప్యూటర్లున్న వాళ్ల కోసం రెండు మాటలు. ఇంటెల్ జీ41 చిప్‌సెట్ ఉన్న బోర్డులు మన ఊళ్లలో ఇంకా కనిపిస్తాయి. వాటికి ఒక్కో చిప్ 2 గిగాబిట్లకు మించకూడదు. 4 జీబీ పలకని పదహారు చిప్‌లతో కడితే అవి చదువుతాయి. అదే 4 జీబీని ఎనిమిది పెద్ద చిప్‌లతో కడితే చదవలేవు. పేరు ఒకటే, వోల్టు ఒకటే, గాడి ఒకటే, అయినా పనిచేయదు. ఏఎండీ బోర్డులకే పనికొచ్చే చవక డీడీఆర్3 పలకల కథ కూడా చిప్‌ల లోపలి అమరిక తేడాయే. ఇక 32 బిట్ల విండోస్‌లో 4 జీబీ పెట్టినా మూడుంపావు దగ్గరే ఆగిపోతే ర్యామ్ తప్పేం లేదు. 32 బిట్లతో రాయగల చిరునామాలు 429 కోట్ల 49 లక్షల పైచిలుకు మాత్రమే. అందులో కొన్నింటిని గ్రాఫిక్స్ కార్డు వంటి పరికరాలు తమకోసం ఉంచుకుంటాయి. 64 బిట్ల విండోస్ వేసుకోవడం ఒక్కటే మార్గం.

స్టూడియోలో స్క్రీన్ వచ్చింది కాబట్టి మూత బిగించేశారు. నూటికి తొంభైమంది అక్కడే ఆగుతారు. మన యజమాని ఇంకో అడుగు కూడా వేశాడు. 3200 అని డబ్బులు పెట్టి కొన్నాం కదా, 2400 అని చూపిస్తోందేమిటని బయోస్‌లోకి వెళ్లి, మెమరీని దాని మీద రాసిన పూర్తి వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ అన్న అమరికని ఆన్ చేశాడు. స్క్రీన్ మీద 3200 అని పడింది. సంతోషం. పని నిజంగానే చురుగ్గా సాగింది. కొద్దిరోజులకి మధ్యాహ్నం పూట మిషను దానంతటదే ఆగి నీలి తెర మీద 'మెమరీ మేనేజ్‌మెంట్' అని చూపించింది. మళ్లీ స్విచ్ వేస్తే మామూలే. తర్వాత ఒక పెళ్లి ఫొటోలో తలంబ్రాల దృశ్యం సగం నుంచి కింద రంగు మారి, పక్కకి జరిగినట్టు కనిపించింది.

ఒక్క బిట్ తప్పితే ఒక చుక్క కదా చెడాలి, సగం ఫొటో ఎందుకు చెడింది? జేపెగ్ పద్ధతిలో ఫొటోని ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు ఉన్న గళ్లుగా కోస్తారు. ప్రతి గడి సగటు రంగునీ పూర్తిగా రాయరు, ముందు గడి కన్నా ఎంత తేడా ఉందో మాత్రం రాస్తారు. ఎక్కడైనా ఒక తేడా తప్పుగా పడితే ఆ తర్వాతి గళ్లన్నీ ఆ తప్పు మీదే లెక్కకట్టుకుంటూ పోతాయి. పైగా ఆ అంకెల్ని సమానమైన పొడవులో రాయరు. తరచూ వచ్చేవాటికి పొట్టి సంకేతం, అరుదైనవాటికి పొడుగు సంకేతం. ఒక బిట్ తిరగబడితే సంకేతం ఎక్కడ ముగిసిందన్నదే తారుమారవుతుంది. అందుకే రంగు మారడం, బొమ్మ జరగడం రెండూ కలిసి వస్తాయి. అలా కనిపించడం కూడా ఒక మేలే. ఖాతాల ఫైలులో ఒక అంకె మారితే ఏ రంగూ మారదు.

కెమెరా కార్డులో ఫొటో బాగానే ఉంది. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు అది కార్డు నుంచి తిన్నగా హార్డ్ డిస్క్‌లోకి వెళ్లదు. ముందు ర్యామ్‌లోకి వచ్చి అక్కడి నుంచి వెళ్తుంది. ఆ క్షణంలో పట్టిన చోటు చెడ్డదైతే చెడిన నకలే డిస్క్‌కి చేరుతుంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమని ఊడ్చేసినప్పుడు ఇళ్లలో ఆల్బమ్‌లు తడిసి ముద్దయ్యాయి. ఏవి పోయాయో, ఏవి మిగిలాయో మర్నాడు చేత్తో తీసి చూడగలిగారు. ఈ నష్టానికి ఆ మర్నాడు లేదు. ఫైలు పేరు అదే, సైజు అదే, తేదీ అదే. కార్డు చెరిపేసి ఉంటే, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో తీసిన ఫొటోలైనా సరే, మళ్లీ రావు.

ఇప్పుడు మెమరీని పరీక్షించాలి. ఒక సంఖ్య రాసి, తిరిగి చదివి, అదే వచ్చిందో లేదో చూడటం చాలదు. 1994లో క్రిస్ బ్రేడీ రాసిన మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్, దాని నుంచి పుట్టుకొచ్చిన మెమ్‌టెస్ట్86+ ఎందుకు అన్ని రకాల పరీక్షలు చేస్తాయో చూస్తే ర్యామ్ ఎన్ని రకాలుగా అబద్ధం చెప్పగలదో తెలుస్తుంది. ఒక పరీక్షలో ప్రతి చోటా దాని చిరునామానే రాస్తారు. చిరునామా తీగల్లో ఒకటి సరిగ్గా అంటకపోతే రెండు వేరువేరు చిరునామాలు ఒకే చోటుకి వెళ్తాయి, మొదట రాసినదాని మీద రెండోది పడుతుంది. అందరూ తమ తమ చిరునామాలు చెప్పాల్సి వచ్చినప్పుడు ఈ దొంగతనం బయటపడుతుంది. ఇంకో పరీక్షలో ఒక నమూనా అంతటా నింపి, ఒక్కో చోటే దాన్ని తిరగేస్తూ వెళ్తారు. ఒకచోట రాసినది పక్కచోటును కదిలిస్తే పట్టుబడుతుంది. ఒకే వరసని పదేపదే తెరుస్తూ పక్క వరసలు కారిపోతున్నాయేమో చూసే పరీక్ష కూడా ఉంది. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మార్కెట్లో దొరికే 129 పలకల మీద ఇలా చేసి చూస్తే 110 పలకల్లో బిట్లు తిరగబడ్డాయి. దీన్ని రోహ్యామర్ అంటారు.

మెమ్‌టెస్ట్‌ని పెన్‌డ్రైవ్ నుంచి నడపాలి, విండోస్ లేవకముందే. విండోస్ నడుస్తున్నప్పుడు అది కూర్చున్న మెమరీని ఎవరూ ముట్టుకోలేరు. ఒక విడత సరిపోదు. రాత్రి పెట్టి పొద్దున చూడటం మేలు, అంతకన్నా మేలు మధ్యాహ్నం ఎండలో కూడా నడవనివ్వడం. రోహిణి కార్తెలో రేకుల కప్పు కింద ఉన్న గదిలో తప్పు చూపించే పలక, మార్గశిరం తెల్లవారుజామున ఏమీ ఎరగనట్టు ఉండొచ్చు. ఇక ఎన్ని తప్పులవరకు ఫరవాలేదని అడుగుతుంటారు. ఒక్కటి కూడా ఉండకూడదు.

స్టూడియో మిషన్లో తప్పులు వచ్చాయి. అందరి చూపూ కొత్త పలక మీదే. విడివిడిగా, బయోస్ మామూలు అమరికలో పరీక్షిస్తే కొత్తది శుభ్రంగా నెగ్గింది. పాతది కూడా నెగ్గింది. రెండూ కలిపి ఎక్స్‌ఎంపీ ఆపేసి నడిపితే నెగ్గాయి. ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే తప్పులు. తప్పు చేస్తున్నది కొత్త పలక కాదు, ఇన్నేళ్లుగా నమ్మకంగా పనిచేసిన పాతది. కొత్తదాని కోసం పెట్టిన 3200 వేగం, దానికి కావలసిన వోల్టు రెండు పలకలకీ వర్తించాయి. 2400కి మించి హామీ ఇవ్వని పాత పలక అప్పటి నుంచి తన శక్తికి మించి పరుగెత్తుతోంది.

ఆ హామీకి అర్థం ఉంది. 3200 అంటే ఒక్కో తీగ మీద సెకనుకి 320 కోట్ల బిట్లు. ఒక్కో బిట్‌కి దొరికే సమయం 0.31 నానోసెకన్లు. రాగి గీత మీద సంకేతం నానోసెకనుకి సుమారు 15 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి ఒక బిట్ ఐదు సెంటీమీటర్లు దాటేలోపే వెనక ఇంకో బిట్ బయల్దేరుతుంది. ప్రాసెసర్ దగ్గర మదర్‌బోర్డు మీద పాములా మెలికలు తిరిగిన సన్నగీతలు కనిపిస్తాయే, అవి అందం కోసం కాదు. దగ్గరి దారిని సాగదీసి దూరపు దారితో సమానం చేయడానికి. 2400 వేగంలో ఒక్కో బిట్‌కి మూడో వంతు ఎక్కువ సమయం ఉంటుంది. ఆ కొసరు లేకపోతే తీగ మీద వచ్చిన సంకేతాన్ని ఒకటా సున్నానా అని తేల్చుకునే వ్యవధి చాలదు. చాలాసార్లు సరిగ్గానే తేలుతుంది. అందుకే విండోస్ లేచింది, అందుకే కొన్నాళ్లు పని నడిచింది. వేడి పెరిగినప్పుడో, పక్క వరసలు అదురుతున్నప్పుడో ఒక్కసారి తప్పుతుంది.

ర్యామ్ తప్పుల మాట వస్తే అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల కథ చెప్పడం మామూలైపోయింది. కణాలు తగిలి బిట్లు తిరగబడతాయన్నది నిజమే, అవి అంతరిక్షం నుంచే రానక్కర్లేదు. 1978లో ఇంటెల్‌లో తిమోతీ మే, ముర్రే వుడ్స్ తమ చిప్‌లలో బిట్లు ఎందుకు తిరగబడుతున్నాయో వెతికితే, చిప్‌ని కప్పిన పదార్థంలోని యురేనియం, థోరియం జాడల నుంచి వచ్చే ఆల్ఫా కణాలు దొరికాయి. 2003లో బెల్జియం ఎన్నికల్లో షార్‌బెక్ అనే చోట ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు అదనంగా పడ్డాయి. 4,096 అంటే సరిగ్గా పదమూడో బిట్ విలువ. ఒక్క బిట్ తిరగబడిందని తేల్చారు, కాస్మిక్ కిరణాన్ని అనుమానించారు. కానీ మన స్టూడియో ఫొటోలకి ఆకాశాన్ని నిందించడం తొందరపాటు. గూగుల్ తన సర్వర్లని రెండున్నరేళ్లు గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాదికి 8 శాతానికి పైగా పలకల్లో తప్పులు వచ్చాయి. ఒకసారి తప్పు చేసిన పలకలే మళ్లీమళ్లీ చేశాయి. కిరణాలైతే అలా ఒకే ఇంటిని వెతుక్కుంటూ రావు. అక్కడి చల్లని గదుల్లో వేడి ప్రభావం స్వల్పమేనని కూడా ఆ అధ్యయనం చెప్పింది. హద్దు దాటి నడుస్తున్న పలకకీ, రేకుల కప్పుకీ ఆ ఊరట వర్తించదు.

ఆ సర్వర్లకి తప్పు తెలియడానికి కారణం రిచర్డ్ హ్యామింగ్. 1950లో ఆయన చూపిన దారిలో, ప్రతి 64 బిట్లకీ ఇంకో 8 బిట్లు కలిపి రాస్తే ఒక బిట్ తప్పిందో లేదో తెలియడమే కాదు, ఏది తప్పిందో తెలిసి దిద్దుకోవచ్చు. రెండు తప్పితే కనీసం తెలుస్తుంది. ఈసీసీ అనే ఈ మెమరీ చాలావరకు సర్వర్లకే పరిమితమైపోయింది. ఇళ్లలో, దుకాణాల్లో ఉన్న చాలా కంప్యూటర్లకి అది దక్కలేదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. బ్యాంకు సర్వర్‌లోని అంకె ఎంత విలువైనదో, ఒక కుటుంబానికి ఉన్న ఒకే ఒక్క పెళ్లి వీడియో అంతే విలువైనది. డీడీఆర్5లో చిప్ లోపల కొంత దిద్దుబాటు ఉంది గానీ, చిప్ నుంచి ప్రాసెసర్‌కి వెళ్లే దారిలో జరిగే తప్పుని అది పట్టుకోదు.

స్టూడియోలో చేయాల్సింది ఇక ఎక్స్‌ఎంపీ ఆపేయడం, రెండు పలకల్నీ 2400 దగ్గరే నడపడం. పని వేగంలో పెద్ద తేడా రాదు. ఆల్బమ్ పేజీలకి కావలసింది చోటు, అది దొరికింది. తర్వాత మెమ్‌టెస్ట్ మళ్లీ నడిపి తప్పులు సున్నా అని చూసుకోవాలి. బయోస్ అమరికలు గందరగోళమైతే ప్లగ్గు పీకి, బోర్డు మీది బిళ్ల బ్యాటరీ కాసేపు తీసి పెడితే మొదటి స్థితికి వస్తాయి.

ఆ తర్వాత పని ఇంకొకటి ఉంది, చాలామంది దాన్ని చేయరు. ఎక్స్‌ఎంపీ ఆన్ చేసిన రోజు నుంచి ఆపిన రోజువరకు ఎక్కించిన ప్రతి ఫైలునీ అనుమానించాలి. ఒక్కొక్కటీ తెరిచి చూడనక్కర్లేదు. విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతో ఒక ఫైలుకి షా-256 ముద్ర తీయవచ్చు. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ ముద్ర పూర్తిగా మారిపోతుంది. కార్డులో ఉన్న ఫొటో ముద్ర, డిస్క్‌లో ఉన్న నకలు ముద్ర ఒకటైతే ఆ నకలు మంచిది. తేడా వస్తే కార్డు నుంచి మళ్లీ ఎక్కించుకోవాలి. ఒకే ఫైలుకి రెండుసార్లు తీసిన ముద్రలు వేరువేరుగా వస్తే మెమరీ ఇంకా బాగుపడలేదు, మళ్లీ మూత తీయాలి. పోలిక పూర్తయ్యేదాకా ఆ కార్డుల్ని ఫార్మాట్ చేయకూడదు, ఇంకో పెళ్లికి కెమెరాలో పెట్టకూడదు.